ముప్పై ఆరో లోలకు

చెక్ దేశంలోని నోవీ బోర్ ఊళ్లో పై ఇంటి నీళ్లు కింది ఇంట్లోకి కారితే కప్పు మీద ఓ మచ్చ పడుతుంది, రెండిళ్ల మధ్య నాలుగు మాటలు నడుస్తాయి, సున్నం కొట్టిస్తారు, అక్కడితో సరి. కుబీచెక్‌కి మాత్రం అంత తేలిగ్గా పోలేదు. ఆయనింట్లోకి నీళ్లు షాండ్లియర్‌లోంచి దిగాయి. గాజు పనివాళ్ల ఊరు కదా, ఇంట్లో ఇంకేం లేకపోయినా నడినెత్తిన ఓ షాండ్లియర్ ఉంటుంది. ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఆయన వెల్లుల్లి సూపు ముందు కూర్చుని చెంచా ఎత్తాడో లేదో, పైనున్న ఆరు గాజు గిన్నెలూ ఒకదాని తర్వాత ఒకటి నిండి, పొంగి, సూపులోకి ధార కట్టాయి. ఆయన నోరు తెరుచుకుని చూస్తుండగానే అంచున వేలాడే గాజు లోలకుల్లో ఒకటి ఊడొచ్చి టేబుల్ మీద పడి ముక్కలైంది. ముప్పై ఆరు లోలకుల షాండ్లియర్ కాస్తా ముప్పై ఐదు లోలకులదైంది.

ఆయన చెంచా తీసుకుని గది వేడెక్కించే ఇనుప గొట్టం మీద టంగుటంగుమని వాయించాడు. ఆ భవనంలో కోపమొస్తే అందరూ చేసేది అదే. గొట్టం కింది నుంచి పైదాకా అన్ని ఇళ్లలోంచీ పోతుంది కాబట్టి ఎవరి కోపమైనా అందరికీ వినబడుతుంది.

పై ఇంట్లో ఉండేది యార్మిలా. అరవై రెండేళ్లు, నలభై ఎనిమిది కిలోలు, చలికాలం కోటు వేసుకుంటే కోటే నడిచి వస్తున్నట్టుండే మనిషి. ఆమె హాల్లో గోడ పొడవునా ఆరువందల లీటర్ల చేపల తొట్టె ఉంది. దాని కింద అల్మరాలో నీళ్లు వడకట్టే చిన్న తొట్టె ఇంకొకటి. పై తొట్టె అంచు మీదుగా వంకీ తిరిగిన గొట్టం ఒకటి నీళ్లను కిందికి లాగేది, మోటారు వాటిని మళ్లీ పైకి తోసేది. పదిహేనేళ్లు పేరు పెట్టడానికి లేకుండా నడిచింది. ఆ మంగళవారం గొట్టంలోకి గాలి చొరబడి నీళ్లు దిగడం ఆగిపోయింది. మోటారుకి ఆ సంగతి తెలియదు గనక తన పని తాను చేసుకుపోయింది. యార్మిలా బజారు నుంచి వచ్చేసరికి హాల్లో తివాచీ తేలుతోంది, ఆమె మొగుడు బోహుష్ లోపలి గదిలో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

తర్వాతి వారం భవనంలోని వాళ్లంతా కింద బట్టలారేసే గదిలో సమావేశమయ్యారు. కుబీచెక్ రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఆరడుగుల పొడవు, ఆ పొడవుకి తగ్గ వెడల్పు మాత్రం దేవుడు ఇవ్వలేదు. పగిలిన లోలకు ముక్కల్ని జేబురుమాల్లో మూటగట్టి తెచ్చి అందరి ముందూ విప్పాడు.

"ఇదీ నా పరిస్థితి," అన్నాడు. "మా ఆవిడ పోయాక ఆ ఇంట్లో మిగిలిన అందం ఇదొక్కటే. ఇప్పుడు దానికీ పన్ను ఊడింది."

యార్మిలాకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "కుబీచెక్ గారూ, అది మా గాజు కార్ఖానాలో చేసిందే. ఆ రకం లోలకులకి బెజ్జాలు వేసింది నేనే," అంది, అదేదో ఊరటనిస్తుందన్నట్టు.

"తెలుస్తూనే ఉందమ్మా. లోలకులకి వేశారు, ఇప్పుడు మా కప్పుకీ వేశారు. మీ చెయ్యి ఊరుకోదు."

గదంతా నవ్వింది. యార్మిలా కూడా నవ్వినట్టు మొహం పెట్టింది. చివరికి తీర్మానం రాశారు. మే ఒకటిలోగా ఆ తొట్టెని చుక్క కారకుండా బాగుచేయాలి. కుబీచెక్ స్వయంగా పరీక్షించి సంతకం పెట్టాలి. పెట్టకపోతే తొట్టె ఇంట్లోంచి వెళ్లిపోవాలి.

తొట్టె వెళ్లిపోవడమంటే చేపలు వెళ్లిపోవడం. అవేం పిల్లచేపలు కావు. ఏడు బోటియాలు, నారింజ రంగు ఒంటి మీద మూడేసి నల్లపట్టీలు, ఒక్కొక్కటి జానెడుకి పైమాటే. ఇరవై రెండేళ్ల క్రితం కార్ఖానా మూసేసిన నెలలో వేలెడంత ఉన్నప్పుడు తెచ్చింది వాటిని. ఇరవై ఆరేళ్లు రోజుకి వందల బెజ్జాలు వేసిన చేతులు ఒక్కసారిగా ఖాళీ అయితే మనిషికి పిచ్చెక్కుతుంది. ఆమెకి ఎక్కలేదంటే ఆ ఏడు చేపల పుణ్యం. అంత పెద్దవాటిని, అంత ముసలివాటిని ఇప్పుడు ఎవరు తీసుకుంటారు? నలుగురిని అడిగి చూసింది. నలుగురూ ముచ్చటపడ్డారు, ఒక్కరూ తెమ్మనలేదు.

దారి ఒక్కటే ఉంది. అంచు మీదుగా వెళ్లే ఆ వంకీ గొట్టాన్ని పారేసి, తొట్టె వెనక గాజు పలకకి పైభాగాన కన్నం వేయాలి. అప్పుడు నీళ్లు కన్నం దాకా లేవగానే తమంతట తామే కిందికి పడతాయి. గాలి చొరబడే పనే లేదు. ఒక కన్నం ఎప్పుడైనా మూసుకుపోతే అక్కరకొస్తుందని దాని పక్కనే కాస్త ఎత్తులో రెండోది కూడా.

బోహుష్ ఈ సంగతి వినగానే ఫోను పట్టుకుని కూర్చున్నాడు. వారం రోజులు తొట్టెలకి కన్నాలు వేసే వీడియోలు చూశాడు. అందులోనూ పగిలినవే ఏరి చూశాడు.

"యార్మిలా, ఇది చూడు. కాల్చి గట్టిచేసిన గాజైతే డ్రిల్లు బిట్టు ఆనగానే మొత్తం పేలాల్లాగా రాలిపోతుందట. మనది ఏ గాజో ఎవరికి తెలుసు? కార్ఖానా షోరూము అద్దం అది. షోరూములకి గట్టిచేసిన గాజే వాడతారట."

"ఏమయ్యా, ఆ అద్దాన్ని మా అన్నయ్య ఈ హాల్లోనే, నీ కళ్లముందే కోసి ఐదు పలకలు చేశాడా లేదా?"

"చేశాడు."

"గట్టిచేసిన గాజుని కోయగలరా?"

బోహుష్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. మీసాలొచ్చిన నిపుణులు నలభై వీడియోల్లో చెప్పింది, తన పెళ్లాం రెండు ముక్కల్లో తేల్చేసింది మరి.

అయినా యార్మిలాకి భయం లేదని కాదు. ఇరవై రెండేళ్లుగా ఆమె గాజు మీద బిట్టు ఆనించలేదు. కుడి బొటనవేలు ఈ మధ్య చలికి వణుకుతోంది. కార్ఖానాలో ఒక లోలకు పగిలితే బుట్టలో ఇంకోటి ఉండేది. ఇక్కడ పలక పగిలిందంటే ఇక అంతే, కుబీచెక్ సంతకంతో పనే ఉండదు.

ఏప్రిల్ నెలాఖరు శనివారం ముహూర్తం పెట్టుకుంది. ఆదివారం ఆ భవనంలో డ్రిల్లు చప్పుడు చేస్తే తల తీసేస్తారు. శనివారమైనా పన్నెండింటి వరకే. పొద్దున ఏడింటికల్లా చేపల్ని బాత్‌టబ్బులోకి మార్చింది. అదే నీళ్లు, హీటరు, గాలి బుడగలు, అన్నీ పెట్టింది. తొట్టె ఎండగట్టి తుడిచింది. ఎనిమిదింటికి లిబుషె వచ్చింది. కార్ఖానాలో యార్మిలా పక్క బల్ల మీద పాలిష్ పట్టిన మనిషి, గొంతు విప్పితే నాలుగంతస్తులు వినబడుతుంది. చంకలో తువ్వాలు చుట్టిన సీసా ఒకటి పెట్టుకొచ్చింది.

"ఏమే, ఎలా వేస్తావు కన్నం? గోడకి ఆనుకుని ఉందిగా! వెనక నాలుగు వేళ్ల సందు కూడా లేదు. లాగి పక్కకి జరపొచ్చుగా?"

"జరిపితే పాత అతుకులు ఊడతాయే. లోపల్నుంచి వేస్తాను."

"చెయ్యి అందుతుందా?"

"చెయ్యేంటి, నేనే దిగుతాను."

తొట్టె అడుగున దుప్పటి పరిచి, దాని మీద చెక్క వేసి, యార్మిలా కుర్చీ ఎక్కి లోపలికి దిగింది. ఏప్రన్ సర్దుకుని మోకాళ్ల మీద కూర్చుంటే తల అంచుకి పైన కొద్దిగా కనిపిస్తోంది. లిబుషె కడుపు పట్టుకుని నవ్వింది. "బోహుష్! ఇంకో చేపని తెచ్చావేంటయ్యా? దీనికి పట్టీలు లేవు!"

వచ్చిన చిక్కల్లా వెనక వైపుది. కార్ఖానాలో ఏ గాజుకైనా బెజ్జం వేసేముందు కింద ఇంకో గాజుముక్కని మైనంతో అంటించేవాళ్లు. బిట్టు అవతలికి పొడుచుకొచ్చేటప్పుడు దానికి ఊతం లేకపోతే గాజు అంచు పెచ్చులు లేస్తుంది, ఆ పెచ్చులోంచి పగులు పాకుతుంది. ఇక్కడా అలాగే పలక వెనక గాజుముక్క పెట్టాలి, అది నిలువుగా ఉంది గనక ఎవరో ఒకరు నొక్కి పట్టుకోవాలి. బోహుష్ చెయ్యి మోచేతి దాకా కూడా ఆ సందులో దూరలేదు. లిబుషె చెయ్యి మణికట్టు దగ్గరే ఇరుక్కుంది. వెనక్కి లాగడానికి సబ్బు రాయాల్సొచ్చింది.

సరిగ్గా అప్పుడే తలుపు గంట మోగింది. కుబీచెక్.

"పొద్దున్నుంచీ నా నెత్తిమీద ఏంటీ తొక్కుడు? నీళ్లు పోసిన చప్పుడు వినబడింది. చుక్క కారిందంటే..." అంటూ హాల్లోకొచ్చి, తొట్టెలో కూర్చున్న యార్మిలాని చూసి మాట మింగేశాడు. "నమస్కారమండీ," అన్నాడు, రైల్లో తప్పు బోగీ ఎక్కిన ప్రయాణికురాలిని పలకరించినట్టు.

"నమస్కారం కుబీచెక్ గారూ. టబ్బులోకి నీళ్లు మార్చాం, అంతే. కావాలంటే చూసుకోండి."

చూసుకోకుండా ఉండే మనిషి కాదాయన. బాత్‌రూమ్‌లోకి వెళ్లాడు. "ఇప్పుడేమన్నా క్రిస్మస్సా, టబ్బులో చేపలేమిటి?" అని గొణగడం వినబడింది. ఆ దేశంలో క్రిస్మస్ విందుకి తెచ్చిన చేపని పండగ దాకా టబ్బులోనే ఉంచుతారు మరి. తిరిగొచ్చేసరికి మొహం పాలిపోయింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"యార్మిలా గారూ... ఎలా చెప్పాలో తెలియడం లేదు. నేను కోరుకున్నది ఇది కాదు. తొట్టె తీసేయమన్నాను గానీ ఆ మూగజీవాలు చావాలని ఎన్నడూ... ఏడూ పక్కకి ఒరిగిపోయి ఉన్నాయమ్మా."

యార్మిలా ముందు కంగారుపడింది, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. "అవి నిద్రపోతున్నాయండీ. ఆ జాతి అంతే, పక్కకి పడి శవాల్లాగా నిద్రపోతాయి. మొదటిసారి చూసి నేను రెండు గంటలు ఏడ్చాను."

కుబీచెక్ మళ్లీ వెళ్లి వేలితో నీళ్లు కదిపాడు. ఏడూ ఒక్కసారిగా లేచి టబ్బంతా తిరిగాయి. ఈసారి బయటికొచ్చాక టోపీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

లిబుషె ఆయన చేతుల వంక పైకీ కిందికీ చూస్తోంది. "ఏమయ్యా కుబీచెక్, కోటు విప్పు."

"ఎందుకు?"

"ఆ చెయ్యేనా, బట్టలారేసే కర్రా? ఎన్నాళ్ల నుంచి దాచావయ్యా ఇంత పనికొచ్చే చెయ్యి? విప్పు ముందు."

ఏ తొట్టెని ఇంట్లోంచి పంపించేయాలని తీర్మానం రాయించాడో అదే తొట్టె వెనక, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, చెంప గోడకి ఆనించి, అరచేత్తో గాజుముక్కని నొక్కి పట్టుకుని నిలబడ్డాడు కుబీచెక్. "నేను తనిఖీకి వచ్చాను, సాయానికి కాదు," అని రెండుసార్లు చెప్పాడు. ఎవరూ కాదనలేదు.

యార్మిలా బ్యాటరీ డ్రిల్లు చేతిలోకి తీసుకుంది. వజ్రపు పొడి అద్దిన గుండ్రటి బిట్టు, గాజుని గుండ్రంగా కోసి మధ్యలో బిళ్ల మిగిల్చేది. బోహుష్ పైనుంచి పూలమొక్కలకి నీళ్లు పోసే చెంబు వంచాడు. నీళ్లు లేకపోతే గాజు వేడెక్కి చిట్లుతుంది. ఆమె బిట్టుని నేరుగా పెట్టలేదు. నేరుగా పెడితే జారిపోతుంది. కొద్దిగా వాల్చి, అంచొక్కటే ఆనించి, ముందు గోరంత నెలవంక గీసింది. అప్పుడు మెల్లగా నిలబెట్టింది. బొటనవేలు వణుకుతోంది. బిట్టు తిరగడం మొదలయ్యాక వణుకు ఎటు పోయిందో పోయింది. ఆ వేలికి తన పని గుర్తొచ్చింది.

తెల్లటి పాలలాంటి బురద కారుతోంది. ఆమె బలం పెట్టడం లేదు. వీడియోల్లో మగవాళ్లంతా చేసిన తప్పదే, గోడకి మేకు కొట్టినట్టు తోయడం. డ్రిల్లు బరువు మాత్రమే గాజు మీద ఉంచి, చెవి పలకకి దగ్గరగా పెట్టి వింటోంది. గాజు లోపల సన్నటి గీత ఏదైనా పడితే కంటికంటే ముందు చెవికే తెలుస్తుంది. ఇరవై ఆరేళ్లు విన్న చప్పుడే. ఇన్నాళ్లూ తనకి అది ఎంత కావాల్సి ఉందో ఆ క్షణాన తెలిసొచ్చింది.

సగం దాకా వచ్చి ఉంటుంది. చెంబులో నీళ్లు అయిపోయాయి. "ఇటివ్వు, నేను నింపుకొస్తా," అని లిబుషె పట్టుకెళ్లి తెచ్చింది. బోహుష్ చెంబు వంచబోతుండగా యార్మిలా ముక్కుకి ఏదో తగిలింది. పదునైన, తియ్యటి, ప్రాణం లేచొచ్చే వాసన. కార్ఖానా వాసన. ఒక్క క్షణం ఆమె తొట్టెలో లేదు, తన బల్ల దగ్గర ఉంది. మరుక్షణం ఆ చెంబులో ఏముందో అర్థమైంది.

"ఆపు!" మోచేత్తో చెంబుని ఎగదోసింది. నాలుగు చుక్కలు ఆమె ఏప్రన్ మీద పడ్డాయి. "ఒసేయ్ లిబుషె! ఏం కలిపావే ఇందులో?"

"టర్పెంటైనే, ఇంకేం కలుపుతాను! కర్పూరం వేసిన పాత సీసా, నీకోసం దాచి తెచ్చాను. అది లేకుండా మనం ఎప్పుడన్నా బెజ్జం వేశామా? మంచినీళ్లతో వేస్తే గాజుకి కోపమొస్తుందని మేస్త్రీ చెప్పలేదూ?"

"చేపలే! ఇందులో బతకాల్సింది చేపలే! నాలుగు చుక్కలు అతుకులో ఇంకితే ఏడూ పోతాయి!"

లిబుషె నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. అంత పెద్ద మనిషీ అంత చిన్నదైపోయింది. "నాకు గుర్తే రాలేదే. చెయ్యి దానంతటది..."

యార్మిలాకి కోపం నిలవలేదు. ఎందుకంటే పొద్దున బిట్టు బయటికి తీస్తున్నప్పుడు ఆమె చెయ్యి కూడా అల్మరాలోని సీసా కోసం వెళ్లింది. ఆ ఊళ్లో పుట్టి ఆ పని చేసిన ఎవరి చెయ్యైనా అటే వెళుతుంది. ఏప్రన్ విప్పి బయటికి విసిరేసింది. "పోనీలేవే. అప్పుడు గాజుని కాపాడుకుంటే చాలు, ఇప్పుడు చేపల్నీ చూసుకోవాలి. చెంబు సబ్బుతో ఐదుసార్లు కడుగు. వాసన పోయిందో లేదో బోహుష్ చూస్తాడు. నీ ముక్కుని నమ్మను."

"నేను ఇలాగే ఉండాలా?" అని తొట్టె వెనక నుంచి కుబీచెక్ అడిగాడు. "నా చెయ్యి తిమ్మిరెక్కింది. పైగా మీ బురద అంచు మీదుగా చిమ్మి నా చంకలోకి కారుతోంది. యార్మిలా గారూ, మీ నీళ్లకి నా మీద ఏంటమ్మా ఇంత ప్రేమ?"

"ఐదు నిమిషాలండీ!"

"రైలు ఆలస్యమైనప్పుడు మేమూ అలాగే చెప్పేవాళ్లం."

మళ్లీ మొదలుపెట్టారు. డ్రిల్లు ఒకే తీరుగా మూలుగుతోంది. ఉన్నట్టుండి ఆ మూలుగు ఒక మెట్టు పైకెక్కింది. యార్మిలా దానికోసమే కాచుక్కూర్చుంది. గాజు చివరి పొర మిగిలినప్పుడు చప్పుడు అలా మారుతుంది. చేతిలో ఉన్న ఆ కాస్త బరువు కూడా తీసేసి, డ్రిల్లుని ఊపిరి బిగబట్టి మోసినట్టు పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. "టిక్" మంది.

"ఏదో పగిలింది!" అని బోహుష్ కేకపెట్టాడు.

"పగల్లేదు," అన్నాడు కుబీచెక్, ఇంతవరకూ ఎవరూ ఆయన గొంతులో వినని మెత్తదనంతో. "నా చేతిలోకి ఒక బిళ్ల వచ్చింది."

యార్మిలా బిట్టు వెనక్కి తీసి, తడి గుడ్డతో తుడిచి, వేలు కన్నం చుట్టూ తిప్పింది. లోపలి అంచు, బయటి అంచు. ఒక్క పెచ్చు లేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. మోకాళ్ల మీద అలాగే కూర్చుని కన్నంలోంచి అవతలికి చూసింది. సందు చివర్నుంచి కుబీచెక్ కన్ను ఒకటి ఆమెని చూస్తోంది.

"పదకొండు నలభై," అన్నాడు ఆ కన్ను యజమాని. "ఇంకోటి ఉందన్నారుగా? పన్నెండు దాటితే నేనే గొట్టం వాయిస్తాను."

రెండోదానికి చెయ్యి దానంతటదే నడిచింది. గడియారం పన్నెండు కొట్టడానికి మూడు నిమిషాల ముందు డ్రిల్లు ఆగింది. బోహుష్ పెళ్లాన్ని చంకల కింద పట్టి తొట్టెలోంచి ఎత్తి, దింపకుండా హాలంతా ఓ చుట్టు తిప్పాడు. లిబుషె నాలుగంతస్తులకీ తెలిసేలా, "రెండూ! రెండూ పడ్డాయి! ఇన్నేళ్ల తర్వాత!" అని అరిచింది. ఎవరో పక్కింట్లోంచి గొట్టం వాయించారు. ఆ పూట అది తిట్టులా వినబడలేదు.

ఆదివారం రబ్బరు వాషర్లు వేసి గొట్టాలు బిగించారు. సోమవారం నీళ్లు నింపి చేపల్ని వదిలారు. మంగళవారం మధ్యాహ్నం, సూపు తడిసిన అదే వేళకి, కుబీచెక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తీర్మానం కాగితం జేబులో పెట్టుకుని పరీక్షకి వచ్చాడు.

ముందు మోటారు ప్లగ్గు తానే పీకాడు. నీళ్లు కన్నం దాకా దిగి బుద్ధిగా ఆగిపోయాయి. మళ్లీ పెట్టాడు. నీళ్లు లేచి, కన్నంలోకి గలగలా జారి, కింది తొట్టెలోకి పడ్డాయి. ఆయన తల ఊపాడు గానీ కాగితం జేబులోంచి తీయలేదు.

"ఇదంతా బాగానే ఉంది. కన్నానికి ఏ నత్తో అడ్డం పడితే?"

"పడితే రెండోది ఉంది."

"అది నేను చూడాలిగా." చుట్టూ చూశాడు. టేబుల్ మీద బోహుష్ మధ్యాహ్నం భోజనానికి ఆవిరి మీద ఉడికించిన క్నెడ్లీకులు పళ్లెంలో ఉన్నాయి. పిండిముద్దలనడానికి పిండిముద్దలే గానీ, బోహుష్ చేతిలో అవి రాళ్లతో సమానమని భవనమంతా తెలుసు. కుబీచెక్ ఒకటి తీసి వేళ్లతో నొక్కి చూశాడు. "ఇంతకు మించిన బిరడా బజార్లో దొరకదు," అని కింది కన్నంలోకి అదిమి పెట్టాడు.

"తినే వస్తువయ్యా అది!" అన్నాడు బోహుష్ నొచ్చుకుని.

"చూశాక తింటాం," అంది పరీక్ష చూడ్డానికొచ్చిన లిబుషె.

నీళ్లు లేవడం మొదలైంది. గోరంత. ఇంకో గోరంత. అంచుకీ నీళ్లకీ మధ్య రెండు వేళ్ల దూరం మిగిలింది. యార్మిలా చేతులు ఏప్రన్‌లో బిగించుకుంది. ఇదే మోటారు, ఇదే హాలు, ఇదే మంగళవారం. ఒక్క చేప పైకొచ్చి ఏమవుతోందో చూసి వెళ్లింది. అప్పుడు రెండో కన్నం గుటుక్కుమని ఒక గుక్క మింగింది. ఇంకో గుక్క. ఆ తర్వాత ధారగా తాగడం మొదలుపెట్టింది. నీళ్లు ఉన్నచోటే నిలిచిపోయాయి.

కుబీచెక్ గడియారం పెట్టుకుని పావుగంట నిలబడ్డాడు. తర్వాత కాగితం తీయకుండానే మెట్లు దిగి తన ఇంటికి పోయాడు. పైన ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఐదు నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి ఇనుప గొట్టం టంగుటంగుమని మోగింది. ఫిబ్రవరిలో మోగినంత గట్టిగా.

యార్మిలా చెప్పుల్లేకుండా మెట్ల మీదికి పరిగెత్తింది.

"ఏమైందండీ?"

కుబీచెక్ కింది గుమ్మంలో చెంచా పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏమీ కాలేదు! అదే చెప్తున్నాను! పొడి! ఆరు గిన్నెలూ పొడి! మంచి కబురుకి ఎలా వాయించాలో నాకేం తెలుసమ్మా, ఎప్పుడూ వాయించలేదుగా?"

ఆ మాటకి భవనంలో ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో లెక్కలేదు. లిబుషె పైనుంచి చప్పట్లు కొట్టింది. సమావేశంలో నవ్వినవాళ్లే ఇప్పుడు మెట్ల మీద నిలబడి, ఆ కన్నాలు ఒకసారి చూపించమని యార్మిలాని అడిగారు. ఆమె చూపిస్తానంది గానీ ముందు ఇంకో పని ఉందని ఇంట్లోకి వెళ్లి, జేబులో ఏదో వేసుకుని కుబీచెక్ ఇంటికి దిగింది.

కుర్చీ అడిగి, షాండ్లియర్ కింద వేసుకుని ఎక్కింది. జేబులోంచి తీసింది శనివారం కుబీచెక్ చేతిలో పడ్డ గాజు బిళ్ల. దాని అంచులు లిబుషె రెండు రాత్రులు పాలిష్ పట్టింది. పైన సూదిమొన అంత బెజ్జం. ఆ బెజ్జాన్ని మాత్రం యార్మిలా మంచినీళ్లతో కాదు, లిబుషె సీసాలోని టర్పెంటైన్‌తోనే వేసింది. ఖాళీగా వేలాడుతున్న తీగ కొక్కేనికి దాన్ని తగిలించింది.

కుబీచెక్ కింద నిలబడి చూశాడు. "మిగతావి కోలగా ఉన్నాయి. ఇది గుండ్రం."

"అవునండీ."

"చూసినవాళ్లు అడుగుతారు."

"అడగనివ్వండి."

ఆయన వేలు పైకెత్తి, బోగీలో ప్రయాణికుల్ని లెక్కపెట్టినట్టు ఒక్కో లోలకునీ లెక్కపెట్టాడు. గుండ్రటి దాని దగ్గరికొచ్చి ఆగాడు. "ముప్పై ఆరు," అన్నాడు. భార్య ఫొటో వైపు ఒకసారి చూసి, కాగితం తీసి, టేబుల్ మీద పెట్టి సంతకం చేశాడు.

యార్మిలా ఇంకా కుర్చీ మీదే ఉంది. కిటికీ ఎండ లోలకుల్లోంచి వచ్చి ఆమె చేతుల మీద పడుతోంది. తానూ ఒకసారి లెక్కపెట్టుకుంది. ముప్పై ఆరు బెజ్జాలూ ఆమె వేసినవే.